విదేశీ ఆర్డర్లకు పేపాల్, బ్యాంకు వైరు, ఈఎంఎస్, కొరియర్: ఏది ఎంతవరకు కాపాడుతుంది?

ఇంటి నుంచో చిన్న షాపు నుంచో చేనేత చీరలు, కొండపల్లి బొమ్మలు, పెంబర్తి ఇత్తడి సామాను అమెరికాకో బ్రిటన్‌కో పంపేవాళ్లకు ఉన్న దారులు కొన్నే. డబ్బుకు పేపాల్, బ్యాంకు వైరు (విదేశీ బ్యాంకు నుంచి నేరుగా మీ ఖాతాకు వచ్చే బదిలీ), కార్డు గేట్‌వే (కార్డు చెల్లింపు తీసుకునే ఆన్‌లైన్ సేవ). సరుకుకు పోస్టాఫీసు, ప్రైవేటు కొరియర్. కమిషన్ ఎంత, ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్న రెండు లెక్కలు చూసి చాలామంది ఎంచుకుంటారు. ఈ సమీక్షలో కొలత వేరు. సరుకు చేయి దాటాక డబ్బు వెనక్కి పోగలదా? పోబోతే అడ్డుకోవడానికి ఆ సేవ మీ చేతికి ఏ కాగితం ఇస్తుంది? పార్సెల్ వెళ్తే వెళ్లినట్టే, డబ్బు మాత్రం నెలల తర్వాత కూడా వెనక్కి పోవచ్చు. మోసమంతా ఆ సందులోనే నడుస్తుంది.

పేపాల్

2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశంలో లోపలి చెల్లింపులు ఆపేసింది. ఇప్పుడు బయటి దేశాల నుంచి వచ్చే డబ్బుకే పని చేస్తుంది. ప్రామాణిక ధర 4.4 శాతం, దాని మీద ప్రతి లావాదేవీకి 30 సెంట్లు. 200 డాలర్ల చీరకు 9 డాలర్ల 10 సెంట్లు అక్కడే పోతాయి. డాలరును రూపాయిల్లోకి మార్చేటప్పుడు రేటులో పడే కోత వేరే. ఖరీదైన సేవే. అయినా ముక్కూ మొహం తెలియని కొత్త కస్టమర్‌తో మొదటి బేరానికి దీన్నే ముందు పెట్టాలి, ఎందుకంటే అమ్మేవాళ్లకు రాతపూర్వకమైన రక్షణ దీనిలో ఉంది.

ఆ రక్షణ దేనికి వర్తిస్తుందో చాలామంది చదవరు. రెండు ఫిర్యాదులకే వర్తిస్తుంది: ‘సరుకు అందలేదు’, ‘ఈ చెల్లింపు నేను చేయలేదు’. మూడో ఫిర్యాదు ‘చెప్పినట్టు లేదు’. దానికి ఏ రక్షణా లేదు. తెలివైన మోసగాడు నేరుగా మూడోదే పెడతాడు.

మొదటి రెండింటిలో నెగ్గాలంటే లావాదేవీ వివరాల పేజీలో పేపాల్ చూపించిన అడ్రసుకే పంపి ఉండాలి. అక్షరం మారినా ఇబ్బందే. ‘నేను ఊరు మారుతున్నాను, మా అక్కయ్య వాళ్ల అడ్రసుకు పంపండి’ అని డబ్బు కట్టాక వాట్సాప్‌లో అడిగితే, మర్యాదగా మొత్తం రిఫండ్ చేసి కొత్త అడ్రసుతో మళ్లీ కట్టమనాలి. నిజమైన కస్టమర్ రెండు నిమిషాల్లో కడతారు. దొంగ కార్డుతోనో, కొట్టేసిన ఖాతాతోనో కట్టినవాడు ఆ పని చేయలేక వాదనకు దిగుతాడు, లేదా మాయమవుతాడు. మొత్తం 750 డాలర్లు, ఆ పైన ఉంటే ‘డెలివర్డ్’ అన్న మాట ఒక్కటే చాలదు, తీసుకున్నవారి సంతకం కూడా ఉండాలి. పట్టుచీరలు నాలుగు కలిపి ఒకే చెల్లింపుగా తీసుకునేవాళ్లు ఈ గీత దాటుతున్నామని గమనించరు.

ఇంకో సందు దారి మళ్లింపు. పార్సెల్ సరైన అడ్రసుతోనే బయల్దేరుతుంది. మధ్యలో కొనుగోలుదారు కొరియర్ యాప్‌లోకి వెళ్లి వేరే చోటికి మళ్లిస్తాడు. ఆ తర్వాత ‘నా అడ్రసుకు రాలేదు’ అంటాడు. ట్రాకింగ్‌లో వేరే ఊరు కనిపిస్తుంది, రక్షణ పోతుంది. కొరియర్ బుక్ చేసేటప్పుడే అడ్రసు మార్పును ఆపే ఏర్పాటు ఉందా అని అడిగి పెట్టించుకోవాలి.

‘చెప్పినట్టు లేదు’ విషయంలో మీ ఆయుధం అమ్మకానికి ముందే తయారవ్వాలి. చీర పొడవు, బ్లౌజు ముక్క ఉందా లేదా, జరీ అసలుదా టెస్టెడ్‌దా, నేతలో అక్కడక్కడా ముడి రావచ్చు, ఫోన్ తెరను బట్టి రంగు కాస్త మారి కనిపించవచ్చు అని బిల్లులోనూ వివరణలోనూ రాయాలి. ఫొటో పగటి వెలుతురులో తీయాలి. ప్యాకింగ్‌ను ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి: చీర విప్పి రెండు వైపులా చూపడం, మడత, పెట్టెలో పెట్టడం, టేపు, లేబుల్ నంబరు, చివర్లో తూకం యంత్రం మీద అంకె. మధ్యలో కట్ అయితే ఆ వీడియో విలువ సగం పోతుంది. తూకం ఎందుకంటే, ఈ ఫిర్యాదులో పేపాల్ సాధారణంగా సరుకు తిప్పి పంపమంటుంది, తిరిగొచ్చేది మీ చీర కాకపోవచ్చు. వెళ్లినప్పుడు 640 గ్రాములు, వచ్చిన లేబుల్ మీద 210 గ్రాములు అని రెండు రసీదులు చూపించగలిగితే మాటలతో పని లేదు. వచ్చిన కవరును కూడా కెమెరా ముందే విప్పాలి.

గడువు విషయానికొస్తే, చెల్లింపు నాటి నుంచి 180 రోజుల వరకు పేపాల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కార్డుతో కట్టినవారు తమ బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి కోరుతూ పెట్టే చార్జ్‌బ్యాక్ వేరే దారి, వీసా, మాస్టర్‌కార్డ్‌లలో దీనికి మామూలుగా 120 రోజులు. మన దేశపు ఖాతాల్లోంచి పేపాల్ డబ్బును తనంతట తానే రోజూ బ్యాంకుకు పంపేస్తుంది. కాబట్టి ఫిర్యాదు వచ్చే నాటికి అక్కడ నిల్వ ఉండదు. ఖాతా మైనస్‌లోకి పోతుంది, తర్వాత వచ్చే నిజమైన కస్టమర్ల డబ్బు ఆ గోతిలోకి వెళ్తుంది. వచ్చిన డబ్బునంతా నూలుకో నేతకూలికో ఖర్చు పెట్టేసేవాళ్లకు దెబ్బ ఇక్కడ తగులుతుంది. ఆరు నెలల అమ్మకంలో కొంత భాగాన్ని కదపకుండా పక్కన ఉంచుకోవడం పేపాల్ వాడకంలో భాగమే అనుకోవాలి.

దొంగ ఈమెయిళ్ల గురించి ఒక మాట. ‘డబ్బు వచ్చింది, ట్రాకింగ్ నంబరు ఇస్తేనే విడుదలవుతుంది’ అన్న మెయిలు చాలా పాతది, ఇప్పటికీ పని చేస్తోంది. కారణమేమిటంటే, పేపాల్ కొత్త ఖాతాలకు నిజంగానే డబ్బు ఆపి, ట్రాకింగ్ ఇచ్చాక వదిలే సందర్భాలున్నాయి. తేడా ఒక్కటే: అసలైన ఆపుదల మీ ఖాతా లావాదేవీల జాబితాలో మొత్తంతో సహా కనిపిస్తుంది. మెయిల్లోని లింకు నొక్కకుండా, అడ్రసు మీరే టైప్ చేసి లోపలికి వెళ్లి చూడండి. అక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే. ‘మీ ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చడానికి కస్టమర్ 300 డాలర్లు ఎక్కువ కట్టారు, అది వారికి తిప్పి పంపండి’ అనేది ఇదే జాతి.

బ్యాంకు వైరు

వెయ్యి డాలర్లు దాటిన ఆర్డరుకు, సరుకు బయల్దేరక ముందే పూర్తి డబ్బు వచ్చేట్టయితే, దీనికి మించిన దారి లేదు. డబ్బు మీ ఖాతాలో జమ అయ్యాక పంపినవాడు వెనక్కి అడిగినా, మామూలుగా మీ అంగీకారం లేకుండా బ్యాంకు తిప్పి పంపదు. ముందస్తు సొమ్ముకు పర్పస్ కోడ్ (సొమ్ము దేనికో చెప్పే కోడ్) పీ0103, పంపిన సరుకు బిల్లుకు వచ్చే సొమ్ముకు పీ0102 అని బ్యాంకులో చెప్పాలి. ఖర్చులు ఎవరివి అన్న చోట ‘అవర్’ (OUR, అంటే ఖర్చులన్నీ పంపేవారివే) ఎంచుకోమని కొనుగోలుదారుకు చెప్పండి. లేదంటే దారిలో ఉన్న బ్యాంకులు తలా కాస్త కోసుకుని బిల్లు మొత్తం కంటే తక్కువ జమ అవుతుంది.

ఇక్కడి మోసం స్విఫ్ట్ కాపీ, అంటే బ్యాంకు సొమ్ము పంపినట్టు చూపే పత్రం. ‘పంపేశాను, ఇదిగో రుజువు’ అంటూ బ్యాంకు లోగోతో, ముద్రలతో పీడీఎఫ్ వస్తుంది. దాన్ని ఎవరైనా తయారు చేయగలరు. అందులో ఉండే, ప్రతి బదిలీకీ ప్రత్యేకమైన 36 అక్షరాల యూఈటీఆర్ నంబరును మీ బ్యాంకు విదేశీ మారకం విభాగానికి ఇస్తే సొమ్ము ఎక్కడుందో వాళ్లు చూసి చెప్పగలరు. నంబరు లేదన్నా, రెండు రోజులు ఆగమన్నా, ఆగండి, పార్సెల్‌ను కూడా ఆపండి. ‘ఆర్‌బీఐ క్లియరెన్స్ ఫీజు’ కట్టమని వచ్చే ఫోన్‌కు జవాబే అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఎవరి ఖాతాలోకి సొమ్ము వదలడానికీ ఫీజు వసూలు చేయదు.

విదేశీ చెక్కు మాత్రం వద్దు. వసూలుకు వారాలు పడుతుంది. ముందే జమ చేసినా అది బౌన్స్ అయితే తిరిగి తీసుకునే షరతు మీదే చేస్తారు. బిల్లు 400 డాలర్లయితే 1,400కి చెక్కు పంపి, మిగతా వెయ్యి ‘మా షిప్పింగ్ ఏజెంటుకు’ పంపమనే ఆట దీని మీదే నడుస్తుంది. కొనుగోలుదారు పేరు చెప్పిన ఏ ఏజెంటుకూ మీరు డబ్బు పంపే పరిస్థితి నిజమైన వ్యాపారంలో రాదు.

వెస్టర్న్ యూనియన్ లాంటి వాటితో పంపుతామంటే, మన దేశంలో ఆ పథకం వ్యక్తిగత సొమ్ముకే, వ్యాపారానికి కాదు. ఒక్కసారికి పరిమితి 2,500 డాలర్లు. ఎగుమతి లెక్కలో ఆ డబ్బును చూపించలేరు.

కార్డు గేట్‌వే, యూపీఐ

మన గేట్‌వేల అంతర్జాతీయ కార్డు సేవలో చూడాల్సింది ఒకటే: త్రీడీ సెక్యూర్ ధ్రువీకరణ (కార్డుదారును ఓటీపీ లాంటిదానితో బ్యాంకు నిర్ధారించుకోవడం) పూర్తయిందా. అయితే ‘నేను చేయలేదు’ అన్న నష్టం చాలావరకు కార్డు ఇచ్చిన బ్యాంకు మీద పడుతుంది. కాకపోతే మీ మీదే. అమెరికా కార్డులు చాలా సార్లు ఓటీపీ అడగకుండానే వెళ్లిపోతాయి. డాష్‌బోర్డులో ఆ లావాదేవీని తెరిచి చూడండి. ఒకే ఆర్డరుకు మూడు నాలుగు కార్డులు విఫలమై ఐదోది పని చేసి ఉంటే, ఖరీదు అడగకుండా ఎక్స్‌ప్రెస్ షిప్పింగ్ కోరితే, సరుకు పంపకుండా రిఫండ్ చేయడమే లాభం.

యూపీఐ సంగతి ఇంకా చిక్కు. ‘నేను డల్లాస్‌లో ఉన్నానండీ, ఇండియాలో మా ఫ్రెండ్ మీకు యూపీఐ చేస్తాడు’ అనే మాట మన చీరల వాట్సాప్ గ్రూపుల్లో మామూలు. చాలాసార్లు నిజమే కూడా. కానీ దొంగ చేసేది ఇది: వేరే ఎవర్నో మోసం చేసి, ఆ బాధితుడి చేత మీ క్యూఆర్‌కు డబ్బు వేయిస్తాడు, మీ నుంచి సరుకు తీసుకుంటాడు. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాడు. డబ్బు వెళ్లిన దారి పట్టుకుని సైబర్ పోలీసులు మీ ఖాతాలో ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నీ ఆపించేస్తారు. కేసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ పోలీసులకు బిల్లులు చూపించి విడిపించుకోవాలి. ఎన్‌ఆర్‌ఐలు తమ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి పలు దేశాల ఫోన్ నంబర్లతోనే యూపీఐ చేసుకునే వీలు వచ్చింది కాబట్టి, ఆర్డర్ పేరూ డబ్బు వచ్చిన పేరూ ఒకటే కావాలని పట్టుబట్టడంలో తప్పు లేదు. వ్యాపారానికి వేరే కరెంట్ ఖాతా పెట్టుకుంటే, ఏదైనా జరిగినా ఇంటి ఖర్చుల ఖాతా ఆగదు. తెలియని సొమ్ము వచ్చి పడి ‘పొరపాటున వేశాం, ఈ నంబరుకు తిప్పి పంపండి’ అంటే ఆ నంబరుకు పంపొద్దు. వచ్చిన ఖాతాకే తిప్పమని మీ బ్యాంకుకు రాసివ్వండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదని ఈపాటికి అందరికీ తెలిసుండాలి.

పోస్టాఫీసు ఈఎంఎస్, ఐటీపీఎస్

ధరకు దొరికే రక్షణ లెక్కన తపాలా శాఖ అంతర్జాతీయ స్పీడ్ పోస్టు, అంటే ఈఎంఎస్, ముందుంటుంది. నంబరు ఇంగ్లిష్ ‘E’ అక్షరంతో మొదలై, తొమ్మిది అంకెల తర్వాత ఐఎన్‌తో ముగుస్తుంది. ఇండియా పోస్టు సైటులో ‘దేశం దాటింది’ అన్న దగ్గరే ఆగిపోతే కంగారు పడకండి. అదే నంబరును అమెరికాలో యూఎస్‌పీఎస్ సైటులో, బ్రిటన్‌లో ఆ దేశపు సేవలో వేసి చూడాలి. చేరిన ఊరు, పిన్ కోడు, తేదీ అక్కడ దొరుకుతాయి. పేపాల్ అడిగే రుజువు ఆ పేజీయే. చేరిన రోజే దాన్ని పీడీఎఫ్ చేసి దాచండి, కొన్ని నెలల తర్వాత వెబ్‌సైట్లు పాత వివరాలు చూపించవు.

చిన్న ప్యాకెట్లకు ఉన్న ఐటీపీఎస్ (అంతర్జాతీయ ట్రాక్డ్ ప్యాకెట్ సేవ) ఇంకా చవక, ట్రాకింగ్ ఉంటుంది. కానీ సంతకం కావాల్సిన విలువైన సరుకుకు అది సరిపోదు. కొండపల్లి బొమ్మలకు, చిన్న డబ్బాలకు వాడుకోవచ్చు.

ఈ తపాలా నంబర్లలో చివరి అంకె ఊరికే ఉండదు. మొదటి ఎనిమిది అంకెల్ని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడి, 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే తొమ్మిదో అంకె రావాలి. 10 వస్తే 0, 11 వస్తే 5 అనుకోవాలి. 47312482 తీసుకుంటే మొత్తం 200, శేషం 2, కాబట్టి చివర 9. సరుకు తిప్పి పంపేశానంటూ కొనుగోలుదారు ఇచ్చిన తపాలా నంబరు ఈ లెక్కకు నిలవకపోతే అది కల్పించిందే. లెక్కకు నిలిచినా నమ్మకానికి తొందరేం లేదు. మీ ఊర్లోనే వేరే ఇంటికి ఏదో కాగితం కవరు పంపి, ఆ నంబరును ‘రిటర్న్ డెలివర్డ్’గా చూపించే పద్ధతి ఒకటుంది. అప్పుడు మీ పోస్టాఫీసుకు వెళ్లి ఆ నంబరు ఎవరికి బట్వాడా అయిందో రాతపూర్వకంగా అడగాలి.

ఎగుమతిగా పంపాలంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దగ్గర 500 రూపాయలకు వచ్చే ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్), తపాలా శాఖ ఎగుమతి కేంద్రమైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం పోర్టల్లో నమోదు ఉండాలి. కస్టమ్స్‌కు ఇచ్చే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అక్కడే తయారవుతుంది. అందులోని పేరు, విలువ, మీ ఇన్వాయిస్, వచ్చిన డబ్బు ఒకదానికొకటి సరిపోవాలి.

అమెరికా సుంకాల మార్పు కొత్త మోసానికి తలుపు తీసింది. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. ఇండియా పోస్టు ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సెళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, బుకింగ్ రోజే సుంకం వసూలు చేసే పద్ధతిలో. ఇది అమ్మేవాళ్లకు మంచిదే. ప్రైవేటు కొరియర్‌లో సుంకం కొనుగోలుదారు కట్టే పద్ధతిలో పంపితే, అతను కట్టనని తలుపు మూసుకుని, ఇటు ‘అందలేదు’ అని ఫిర్యాదు పెట్టగలడు. సరుకు చేరలేదన్నది నిజమే కాబట్టి మీరు ఓడిపోతారు. పైగా వెనక్కి తెచ్చే ఖర్చు కొరియర్ మీకే వేస్తుంది. సుంకం రేటు మారుతూ ఉంటుంది, బుక్ చేసే రోజు చూసుకుని ధరలో కలిపేయడమే మేలు. యూరోపియన్ యూనియన్‌లో 2021 జూలై 1 నుంచి మొదటి యూరో మీదే వ్యాట్ పడుతోంది.

ప్రైవేటు కొరియర్

వేగంలో, సంతకం రుజువులో డీహెచ్ఎల్, ఫెడెక్స్ లాంటి పెద్ద సంస్థలకు సాటి లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించిన బరువు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. తేలికైన బొమ్మలకు ఇది భారం.

చిక్కు ఆ సంస్థల దగ్గర తక్కువ, వీధి చివరి ‘ఇంటర్నేషనల్ కొరియర్’ దుకాణాల దగ్గర ఎక్కువ. కిలో ధర సగానికి చెప్తారు. అమ్మకపు సరుకును బహుమతిగా, కొరియర్ షిప్పింగ్ బిల్లుల్లో బహుమతులకూ నమూనాలకూ ఉన్న సీఎస్‌బీ-4 కింద, తమ పేరు మీద బుక్ చేస్తారు. అమ్మకానికి ఉండాల్సింది సీఎస్‌బీ-5. గిఫ్టు దారిలో వెళ్తే ఎగుమతి రుజువు లేదు, పంపినవారి పేరు మీది కాదు, విలువ 20 డాలర్లని ఉంటుంది. 300 డాలర్ల కేసులో ఆ కాగితం మీకే ఎదురు తిరుగుతుంది, పోయిన సరుకుకు పరిహారం కూడా ఆ 20 మీదే లెక్క. ‘గిఫ్టు అని రాయండి’ అని కస్టమరే అడిగినా ఒప్పుకోకూడదు. పచ్చళ్లు అమ్మేవాళ్లయితే అమెరికాకు పంపేటప్పుడు, అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముందస్తు నోటీసు దాఖలు చేసే కొరియర్‌నే పట్టుకోవాలి. నోటీసు లేని డబ్బాను అక్కడ ఆపేస్తే, అది కూడా ‘అందలేదు’ ఖాతాలోకే వస్తుంది.

‘మా ఫెడెక్స్ ఖాతా నంబరు ఇస్తా, దానికి వేయండి’ అనే కొనుగోలుదారు ఎంతో ఉదారంగా కనిపిస్తాడు. ఆ నంబరు ఎవరిదో దొంగిలించింది కావచ్చు. అసలు ఖాతాదారు కట్టనంటే కొరియర్ ఆ రవాణా బిల్లును పంపినవారి మీదకే తిప్పుతుంది. కొనుగోలుదారు పంపిన లేబుల్ కూడా వద్దు. బుకింగ్ మీ చేతిలో లేకపోతే ట్రాకింగ్ రుజువు కూడా మీ చేతిలో లేనట్టే.

టోకు ఆర్డర్లు

ఏలూరు తివాచీలు, గుంటూరు మిర్చి స్థాయికి వెళ్తే ఆట మారుతుంది. బ్యాంకు ద్వారా కాగితాలు పంపి, డబ్బు కట్టాకే ఇచ్చే డీ/పీ పద్ధతి భద్రమని చాలామంది నమ్మకం. ఓడ సరుకుకు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు హక్కు పత్రం) ‘టు ఆర్డర్’ అని ఉంటే అది నిజమే, ఆ కాగితం లేకుండా సరుకు దొరకదు. విమానంలో పంపితే నిజం కాదు. విమాన రవాణా రసీదు అయిన ఎయిర్ వేబిల్ హక్కు పత్రం కాదు. అందులో గ్రహీతగా కొనుగోలుదారు పేరు రాస్తే, బ్యాంకులో కాగితాలు కదలకుండానే విమానాశ్రయంలో సరుకు తీసుకుపోతాడు. గ్రహీతగా ఆ దేశంలోని బ్యాంకును, ఆ బ్యాంకు ముందే ఒప్పుకుంటేనే, రాయించాలి.

అప్పు మీద ఇచ్చే సరుకుకు 1957లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా ఉంది, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. కొనుగోలుదారు దివాలా తీసినా, గడువు దాటి కట్టకపోయినా పనికొస్తుంది. సరుకు బయల్దేరక ముందే ఆ కొనుగోలుదారు పేరు మీద పరిమితి అడిగి తీసుకోవాలి. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి: ‘నాణ్యత లేదు’ అని కొనుగోలుదారు వివాదం లేపితే, ఆ దేశపు కోర్టులో మీరు తేల్చుకునేదాకా క్లెయిము కదలదు. అందుకే టోకులో సరుకు ఎక్కించే ముందు ఇద్దరూ ఒప్పుకున్న తనిఖీ సంస్థ చేత తనిఖీ చేయించి, ఆ సర్టిఫికెట్టును చెల్లింపు కాగితాల్లో ఒకటిగా ఒప్పందంలోనే రాసుకుంటారు.